తొమ్మిది రోజుల్లో ఇరవై మంది పెద్దల మాటలు రికార్డు చేయగలమా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ అమ్మమ్మగారిది ఒడిశా బరంపురంలో నేతవాళ్ల వీధి. ఎనభై దాటినవాళ్లు అక్కడ ఇంకా ఇరవై మంది దాకా ఉన్నారు. దసరాకు హైదరాబాదు నుంచి తొమ్మిది రోజులు సెలవు పెట్టి వచ్చి, అందరినీ ఇంటర్వ్యూ చేసి, వీడియోలు యూట్యూబ్‌లో పెట్టాలని మీ ఆలోచన. ఏ మైక్ కొనాలి, ఎన్ని ప్రశ్నలు రాసుకోవాలి అన్నారు.

సూటిగా చెప్తాను. ఇరవై మంది వద్దు, ఆరుగురు చాలు. దసరా రోజుల్లో రికార్డింగ్ అసలు వద్దు. మైక్ గురించి టెన్షన్ పడకండి, ఉన్న ఫోనుకు ఒక కాలర్ మైక్ తగిలించినా పని జరుగుతుంది. యూట్యూబ్ మాట మాత్రం ఇప్పుడే ఎవరి దగ్గరా ఎత్తకండి. మీ అమ్మమ్మగారు ఈ ఆరుగురి లెక్కలోకి రారు, ఆవిడది వేరే సంగతి. చివర్లో చెప్తాను.

నేను శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వైపు పిల్లని. పెళ్లయి బరంపురం వచ్చి నలభై ఏళ్లు దాటింది. కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. 2008 నుంచి గంజాం, గజపతి జిల్లాల్లో తెలుగువాళ్ల మాటలు రికార్డు చేస్తున్నాను. నేతవాళ్లు, గోపాల్‌పూర్ వాడబలిజలు (ఒడియావాళ్లు నోలియాలంటారు), రంగం (రంగూన్, అంటే బర్మా) వెళ్లొచ్చిన కుటుంబాలు, పర్లాకిమిడి పెద్దలు, అంతా కలిపి అరవై నాలుగు మంది. ఇన్నేళ్లకు అరవై నాలుగేనా అని మీకు నవ్వు రావచ్చు. మొదటి ఏడాదిలోనే ఇరవై మూడు చేశాను మరి. వాటిలో ఈరోజు తీసి వింటే పనికొచ్చేవి తొమ్మిది. మిగతావాటిలో కొన్నింట్లో ఫ్యాను తప్ప ఏమీ వినపడదు. కొన్నింట్లో మాట్లాడింది నేనే.

ఆరుగురు అని ఎందుకన్నానో లెక్క చూడండి. ఒక్కొక్కరి దగ్గర కనీసం రెండుసార్లు కూర్చోవాలి, ఒక్కోసారి గంటన్నర. ఇరవై మందికి అరవై గంటల రికార్డింగ్. ఒక గంట మాటలు విని కాగితం మీదికి ఎక్కించడానికి నాకు ఏడెనిమిది గంటలు పడుతుంది. బోసినోటి మాటలు, రెండు భాషలు కలిసిన మాటలు కదా, వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ వినాలి. అంటే నాలుగు వందల యాభై గంటలు. ఉద్యోగం చేసుకుంటూ రోజూ రెండు గంటలు కేటాయించినా ఏడున్నర నెలలు. ఎవరూ చేయరు. నేనూ చేయలేదు. ఆ ఫైళ్లు అలాగే పడుంటాయి, మూడేళ్లయ్యాక ఏ ఫైల్లో ఎవరున్నారో మనకే గుర్తుండదు. కాబట్టి ఎంతమందిని రికార్డు చేయగలం అని కాదు, ఎంతమంది మాటలు రాసి వాళ్ల ఇంటికి తిరిగి ఇవ్వగలం అని మొదలుపెట్టండి.

దసరా ఎందుకు వద్దంటే, మన బరంపురం దసరా మీకు తెలియనిది కాదు. సందుకో మండపం, మండపానికి నాలుగు మైకులు. పైగా ఇంటినిండా చుట్టాలు. అయినా ఆ తొమ్మిది రోజులూ వృథా కావు, చేతిలో రికార్డర్ లేకుండా ఇళ్లకు వెళ్లండి. నా అనుభవంలో ఈ ఉత్తచేతుల రాకపోకల మీదే పని సగం ఆధారపడి ఉంటుంది. ఎవరికి చెవులు బాగా వినిపిస్తాయి, ఎవరు మధ్యాహ్నం మందులేసుకుని పడుకుంటారు, ఏ ఇంట్లో వెనకగది ప్రశాంతంగా ఉంటుంది, ఏ కోడలి ముందు అత్తగారు నోరు విప్పదు, ఇవన్నీ అప్పుడు తెలుస్తాయి. సంక్రాంతి తర్వాత మళ్లీ రండి, చలికాలంలో ఫ్యాను గొడవ ఉండదు. నాకు తెలిసిన ఇళ్లలో అమావాస్యకు మగ్గం ఆపుతారు. కూలినేత మీద బతికేవాళ్ల దగ్గరకు మామూలు రోజున వెళ్లి రెండు గంటలు కూర్చోబెడితే ఆ పూట కూలి మనం తిన్నట్టే. తేదీలు అది చూసుకుని పెట్టుకోండి.

ఆరుగురిని ఎంచుకునేటప్పుడు వీధిపెద్దను అడగండి, కానీ ఆయన చెప్పిన పేర్లతో ఆగిపోకండి. ఆయన మంచి మాటకారులను, మగవాళ్లను, సంఘంలో పదవులు చేసినవాళ్లను చెప్తారు. నేను ఒకసారి అలాగే వెళ్తే గుడి మండపంలో పదకొండు మందిని వరసగా కూర్చోబెట్టారు, నాకు శాలువా కూడా కప్పారు. ఒకాయన మాట మొదలుపెడితే ఇంకొకాయన పూర్తి చేశాడు. వీధిలో ఏ ఇల్లు ఎవరిది, బావి ఎక్కడుండేది, మొదట కరెంటు ఎవరింటికి వచ్చింది లాంటివి తేల్చుకోవడానికి ఇలాంటి గుంపు బాగా పనికొస్తుంది. ఒక మనిషి బతుకు మాత్రం గుంపులో బయటికి రాదు. కనీసం ముగ్గురు ఆడవాళ్లు ఉండేలా చూసుకోండి. ఎందుకో ఇప్పుడే చెప్తాను.

ప్రశ్నలు. నలభై ప్రశ్నల పట్టిక తయారుచేయకండి. ఒక కాగితం మీద పది పన్నెండు విషయాలు రాసుకుంటే చాలు. ఆ కాగితం కూడా ఒళ్లో పెట్టుకోవాలి గానీ కళ్లెదుట పెట్టుకోకూడదు, ముసలివాళ్లు ఇంకెన్ని ఉన్నాయా అని దాన్నే చూస్తూ కూర్చుంటారు. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే "ఏటుందమ్మా సెప్పడానికి" అంటారు, అక్కడితో అయిపోతుంది. నేను ఎప్పుడూ మొదట అడిగేది ఒకటుంది. చిన్నప్పుడు పొద్దున్న నిద్ర లేచేసరికి ఇంట్లో ఏ చప్పుడు వినిపించేది?

నేతవాళ్ల ఇళ్లు కదా, మగ్గం చప్పుడు అంటారని నేను అనుకునేదాన్ని. ఒకావిడ "రాట్నం" అంది. మగ్గం ఎక్కడానికి నాన్నకు తెల్లారాలి, కానీ అప్పటికి కండెలు (నేతనూలు చుట్టే చిన్న గొట్టాలు) చుట్టి ఉండాలి కాబట్టి అమ్మ చీకటితోనే లేచేది. ఆ మాట మీద నుంచి ఆవిడ తన పెళ్లికి, పుట్టిన పిల్లకు, పురిటి నుంచి లేచిన ఎన్నో రోజున మళ్లీ రాట్నం ముందు కూర్చుందో అక్కడికి వచ్చింది. చివర్లో "మగ్గం ఆయనది, కండెలు నావి. కూలి మాత్రం ఒకటే" అని నవ్వింది. అంతకుముందు అదే ఇంట్లో ఆవిడ భర్తతో రెండు గంటలు మాట్లాడాను. ఆ రెండు గంటల్లో రాట్నం అన్న మాటే రాలేదు.

ఊఁ కొట్టాలా, వద్దా? ఇంగ్లీషు మాన్యువళ్లన్నీ వద్దంటాయి. మధ్యలో శబ్దం చేయకుండా తల ఊపమంటాయి. నేను బుద్ధిగా అలాగే చేశాను. ఒక తాత మూడు నిమిషాలు చెప్పి ఆగిపోయి, "వింటన్నావా, పడుకున్నావా?" అన్నాడు. మన పెద్దలకు ఊఁ కొట్టకపోతే కథ సాగదు. కాబట్టి కొట్టండి, చిన్నగా. మైక్ వాళ్ల గుండెకు దగ్గరగా, మీకు దూరంగా ఉంటే మీ ఊఁ పెద్దగా పడదు. "అయ్యో!", "అవునా!", "మా తాత కూడా అంతే" లాంటివి మాత్రం మింగేయండి. వాళ్లు ఆగినప్పుడు వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఏడో ఎనిమిదో అంకె దగ్గర వాళ్లే మళ్లీ అందుకుంటారు, ఎక్కువసార్లు అసలు విషయం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మగ్గం సంగతి. మీరు నేతవాళ్లనే ఎంచుకున్నారు కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. ఎనభై ఒకటేళ్ల నేతగాడు ఒకాయన, అప్పటికీ రోజూ మగ్గం మీద కూర్చునేవాడు. చప్పుడు పడుతుందని నేను ఆపించాను. ముందుగదిలో కుర్చీ వేసి, మంచి చొక్కా తొడిగి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టించి కూర్చోబెట్టారు. నలభై నిమిషాలు అడిగాను. అవును. లేదు. అంతే. నిలువు పోగులను దువ్వెనలాంటి పన్నెలోకి దూర్చే పని గురించి, "పడుగు పన్నెకు ఎలా ఎక్కిస్తారు తాతా?" అంటే "ఎక్కిస్తాం" అన్నాడు. పట్టుచీర అంచుకు ఫోడా కుంభ (గుడి గోపురాల లాంటి డిజైను) వేయడం అంటే దాని పేరుమీద జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉన్న పని. అరవై ఏళ్లు ఆ పని చేసిన మనిషి దగ్గర నాకు దొరికింది "ఎక్కిస్తాం" అన్న ఒక్క ముక్క.

పై వారం వెళ్లి మగ్గం గుంట పక్కన చాప వేసుకుని కూర్చున్నాను, ఆపమనలేదు. ఆయన కాళ్లు గుంటలో ఆడుతున్నాయి, అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ పోతోంది. కాసేపు నా వంక చూడనే లేదు. ఉన్నట్టుండి ఎడమచేతి వేళ్లు పడుగు మీద ఒకచోట ఆగాయి. కళ్లు వేరే ఎక్కడో ఉన్నాయి. "తెగింది" అన్నాడు. రెండు కొసలూ వెతికి పట్టి, వేలు నోట్లో తడిచేసుకుని, ముడి వేశాడు, ఆ ముడి నాకైతే కనిపించలేదు. "ఇది రాకే మా అయ్య నన్ను కొట్టినాడు" అన్నాడు. అక్కడి నుంచి గంటా పది నిమిషాలు నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తండ్రి, అప్పు ఇచ్చిన షావుకారు, రంగు అద్దేవాళ్లు, పడుగు తడిసిపోయిన వానాకాలాలు, అన్నీ వచ్చాయి. ఆ రికార్డింగ్‌లో ప్రతి మాట మీదా మగ్గం దెబ్బ పడుతుంది. రేడియోవాళ్లెవరూ తీసుకోరు, కానీ నా అరవై నాలుగులో నాకు బాగా ఇష్టమైనది అదే.

అందుకే పనివాళ్లతో రెండు రకాలుగా కూర్చోండి. ఒకసారి ప్రశాంతంగా ఉన్న గదిలో, ఒకసారి పని దగ్గర. పని దగ్గర పది నిమిషాలు చేతుల వీడియో తీసుకోండి, ముఖం అక్కర్లేదు. మొదటి రోజే కెమెరా పెడితే అందరూ పట్టుబట్టలు కట్టుకుని ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుంటారు. పనిముట్టు పేరు చెప్పినప్పుడు దాన్ని చేత్తో చూపించమని అడిగి, "ఇది నాడె, కుడిచేతి వైపు ఉంది" అని మీరు పైకి అనండి. లేకపోతే తర్వాత వినేటప్పుడు "ఇదిగో ఇది దానికి ఇలా తగిలించాలి" అన్న వాక్యం మిగులుతుంది, ఏది దేనికో దేవుడికే తెలియాలి.

భాషను సరిదిద్దకండి. ఈ విషయంలో నేను చేసిన తప్పు గురించి ఇప్పటికీ సిగ్గుపడతాను. పెళ్లయి కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడివాళ్ల తెలుగు నాకు వింతగా ఉండేది, మా అత్తగారు ఒకే వాక్యంలో నాలుగుసార్లు ఒడియాలోకి దూకేవారు. ఆ పొగరుతోనే మొదట్లో రాసినవన్నీ శుభ్రమైన తెలుగులోకి మార్చేశాను. "ఎలిపోనాను" కాస్తా "వెళ్లిపోయాను" అయింది. ఒడియా మాట ఎక్కడ కనిపించినా తెలుగు చేశాను.

ఒకావిడ అన్న మాట ఇది: "ఆ సాహిల ఉన్నోలని ఈ వీధి నీలు తాగనిచ్చీవోరు కాదు." సాహి అన్నా వీధి అన్నా ఒకటే కదా అని రెండు చోట్లా "వీధి" అని రాసేశాను. మూడేళ్ల తర్వాత వేరే పని మీద ఆ రికార్డింగ్ మళ్లీ వింటుంటే తట్టింది. ఆవిడ గంటన్నరలో ఎక్కడా ఆ రెండు మాటలూ కలిపేయలేదు. తెలుగిళ్ల వరసను వీధి అంటుంది, ఒడియా ఇళ్ల వరసను సాహి అంటుంది. బావి దగ్గర ఎవరు ఎవరిని ఆపారో ఆ ఒక్క మాటలో ఉంది. నా శుభ్రమైన తెలుగులో అది మాయమైపోయింది. అప్పటికి ఆవిడ లేదు, అడగడానికి.

అందుకని విన్నది విన్నట్టు రాయండి. ఒడియా మాటను తెలుగు లిపిలోనే రాసి, అర్థం పక్కన వేరే గడిలో పెట్టండి. మాటలను తనంతట తనే అక్షరాల్లోకి మార్చే యాప్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి, నేనూ రెండు మూడు చూశాను. మన యాసను అవి టీవీ వార్తల భాష చేసేస్తాయి, లేదా అర్థం పర్థం లేని మాటలు రాస్తాయి. ఏ నిమిషంలో ఏ విషయం ఉందో వెతుక్కోవడానికి వాడుకోండి, అంతవరకే.

ఇంకొకటి గమనించాను. ఒకే మనిషిని తెలుగులో అడిగితే ఒకలా, ఒడియాలో అడిగితే ఒకలా చెప్తారు. ఒడియాలో ఉద్యోగం, ఆఫీసు, రేషన్‌కార్డు, ఎలక్షన్లు వస్తాయి. తెలుగులో ఇల్లు, కులం, పెళ్లిళ్లు వస్తాయి. పక్కన ఒడియా బడిలో చదివే మనవడు కూర్చుంటే తాత తెలియకుండానే ఒడియాలోకి వెళ్లిపోతాడు. మనవడిని బయటికి పంపడం ఎలా అంటే, వాడికి ఏదైనా పని అప్పచెప్పండి. నేను కాయితాలు జెరాక్స్ తీయించుకు రమ్మంటాను.

ఏళ్లు అడగకండి, గుర్తులు అడగండి. "అది ఏ సంవత్సరం?" అంటే మొహమాటానికి ఏదో ఒక అంకె చెప్తారు. "ఠాకురాణి యాత్ర ఏడా, కాదా?" అని అడగండి. బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి చైత్రంలో వస్తుంది, అమ్మవారు పుట్టింటికి వచ్చేది నేతవాళ్ల పెద్ద అయిన దేశీబెహెరా వీధికే కాబట్టి నేతవాళ్లెవరూ ఆ ఏడును మరిచిపోరు. గాలివానలు కూడా మంచి గుర్తులే, కానీ జాగ్రత్త. 1999లో రెండు వచ్చాయి. మన గోపాల్‌పూర్ తీరాన్ని కొట్టింది అక్టోబరు 17, 18 తేదీల మధ్య. దేశమంతా చెప్పుకునే సూపర్ సైక్లోన్ 29న పారాదీప్ వైపు వచ్చింది. "తొంభై తొమ్మిది గాలివాన" అన్నప్పుడు ఏదో తేల్చుకోండి. 2013 ఫైలిన్ అయితే అందరికీ గుర్తే.

1936 గురించి కూడా మీరు అడగాలనుకుంటున్నారని రాశారు. ఆ ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడింది, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం ఒరిస్సాలోకి వచ్చింది, పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. ఈరోజు ఎనభై ఐదేళ్లవాళ్లు కూడా ఆ తర్వాత పుట్టినవాళ్లే. వాళ్లు చెప్పేది తండ్రుల నోట విన్నది. పనికిరాదని కాదు, "ఇది మీకు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు?" అని అడిగి రాసుకోండి. మా పాతపట్నంలో ఆ కథ ఒకలా చెప్పేవారు, పక్కనే ఉన్న పర్లాకిమిడిలో ఇంకోలా. కాగితాల కోసమైతే భువనేశ్వర్ ఒక్కటే సరిపోదు, పాత గంజాం జిల్లా రికార్డులు చెన్నైలో కూడా వెతకాలి.

తప్పు చెప్పారని తెలిసినా ఎదురు చెప్పకండి. 2011లో గోపాల్‌పూర్ దగ్గర ఒకాయన రంగం నుంచి నడిచొచ్చిన కథ చెప్పాడు. ఒకప్పుడు గోపాల్‌పూర్ రేవు నుంచి రంగానికి స్టీమర్లు నడిచేవి, మనవాళ్లు వేలల్లో వెళ్లారు. 1941 డిసెంబరులో జపానువాళ్లు రంగం మీద బాంబులు వేశాక లక్షల మంది కొండలూ అడవులూ పట్టుకుని నడిచొచ్చారు. ఈయన తండ్రి వేలు పట్టుకుని నడిచానన్నాడు, ఆకు దొన్నెలో నీళ్లు పట్టుకు తాగిన చోటు చెప్పాడు, దారి పక్కన కూర్చుండిపోయిన ఒక ముసలమ్మ సంగతి చెప్పి ఏడ్చాడు. వయసు అడిగితే అరవై ఎనిమిది. ఇంటికొచ్చి లెక్కేస్తే కుదరదు. అబద్ధం చెప్పాడనుకుని ఆ ఫైలు పక్కన పడేశాను. మరుసటి ఏడు ఛత్రపురంలో ఉండే వాళ్లక్క దగ్గర కూర్చుంటే, ఆవిడ అదే దారి, అదే దొన్నె, అదే ముసలమ్మ చెప్పింది. తమ్ముడి మాట అడిగాను. "ఆడా? ఆడు మాయమ్మ కడుపులో ఉన్నాడు" అంది.

ఇలా జరగడం మన దగ్గరే కాదు. ఇటలీలో తెర్ని అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో లుయీజి త్రస్తుల్లి అనే కార్మికుడు 1949లో పోలీసుల చేతిలో చనిపోయాడు. దశాబ్దాల తర్వాత ఆ ఊరివాళ్లను అడిగితే, ఫ్యాక్టరీలో వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేసిన 1953లో చనిపోయాడని చాలామంది చెప్పారు. తేదీ అలా పక్కకు జరగడానికి కారణముంది, ఊరికి అసలు దెబ్బ తగిలింది అప్పుడే. పరిశోధకులు ఆ తప్పునే తీసుకుని పెద్ద చర్చ చేశారు. మీరు చేయాల్సింది ఇంతే: ఆయన మాట ఆయన మాటగా ఉంచి, అక్క చెప్పింది ఒక నోటు రాసి జతచేయండి. బర్మా కథలకు ఇంకో చిన్న చిట్కా: "నడిచొచ్చారా, ఓడలో వచ్చారా?" అని అడగండి. బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక 1964 నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా ఓడల్లో వచ్చారు. ఇళ్లల్లో ఈ రెండు రాకలూ ఒకే కథగా కలిసిపోయి ఉంటాయి.

అనుమతి. ఇంగ్లీషు ఫారం తీసుకెళ్లకండి. సంతకం అనగానే మన పెద్దలకు భూమి పత్రాలు గుర్తొస్తాయి. రికార్డర్ ఆన్ చేసి, ఎవరు, ఎందుకు, దీన్ని ఎవరు వింటారు అని మీరు తెలుగులో చెప్పి, వాళ్ల నోటితోనే సరే అనిపించుకోండి. అయిపోయాక మళ్లీ అడగండి, ఏం చెప్పారో వాళ్లకు అప్పుడే కదా తెలిసేది. "ఇందులో ఎవరూ వినకూడనిది ఏమైనా ఉందా? మీ ఇంట్లోవాళ్లు వినొచ్చా? ఊరు వినొచ్చా?" అని మూడూ విడివిడిగా అడగండి.

విడివిడిగా అని ఎందుకంటున్నానంటే, 2016లో ఎనభై నాలుగేళ్ల ఒకావిడ తన బంగారం సంగతి చెప్పింది. మరిది పెళ్లికని మొగుడు తాకట్టు పెట్టాడు, మళ్లీ విడిపించలేదు. ఇంటర్వ్యూలో అది నాలుగు నిమిషాలు. వారం తర్వాత మనవడు అడిగితే పెన్‌డ్రైవ్‌లో మొత్తం ఇచ్చేశాను, ఇంటివాడే కదా అని. రెండు రోజుల్లో ఆ నాలుగు నిమిషాలూ కత్తిరించుకుని వాళ్ల వాట్సాప్ గ్రూపులో తిరిగాయి. ఆ ఏడు వాళ్లింట్లో జరిగిన పెళ్లికి మరిది వైపు వాళ్లెవరూ రాలేదు. నేను క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్తే ఆవిడ తిట్టలేదు. "నీకని సెప్పినాను గాని, ఊరికని సెప్పినానేటే అమ్మీ?" అంది. ఇది జరిగాక నేను ఎవరి కాపీ అయినా చెప్పిన మనిషి చేతికే ఇస్తున్నాను, యూట్యూబ్ మాట ఆరు నెలల తర్వాతే ఎత్తుతున్నాను. ఆరుగురిలో ఇద్దరు ఒప్పుకుంటే గొప్ప. కొందరు "నేను పోయాక పెట్టుకో" అంటారు, అది కూడా అనుమతే, తేదీ వేసి రాసుకోండి.

సామాన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఎంపీ3 కాకుండా వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. స్టీరియో అయితే గంటకు ఒక జీబీ దాకా అవుతుంది, చోటు చూసుకోండి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని అర నిమిషం పరీక్షించండి, "పొద్దున్న ఏం తిన్నారు?" అంటే చాలు, వాళ్లూ తేలికపడతారు. ఫ్రిజ్ ఉన్న గది వద్దు. కుక్కర్ విజిల్ వస్తే మాట ఆపించకండి, అది పోయాక ఆ ముక్క మళ్లీ చెప్పించుకోండి. మనిషి పేరు, ఊరు, తేదీ మొదట మీ గొంతుతో చెప్పండి. ఆ రాత్రే పడుకోకముందు అరగంట కూర్చుని ఎవరి పేర్లు వచ్చాయో, ఏ మాట అర్థం కాలేదో రాసేయండి, పొద్దుటికి పోతాయి. మొత్తం రాసే ఓపిక లేకపోతే కనీసం ప్రతి ఐదు నిమిషాలకూ రెండు లైన్ల సూచిక తయారుచేయండి.

కాపీలు మూడు, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. నావి రెండు కాపీలుండేవి, రెండూ ఒకే బీరువాలో. ఫైలిన్ రాత్రి కప్పు లేచిపోయి ఆ గదిలోకి నీళ్లొచ్చాయి. ఏడుగురి మాటలు పోయాయి. వాళ్లలో ఐదుగురు అప్పటికే లేరు.

తిరిగి ఇచ్చేటప్పుడు మన వైపు ఒక చిక్కుంది. మీ వీధిలో పిల్లలు తెలుగు మాట్లాడతారు గానీ చాలామంది చదవలేరు, చదివింది ఒడియా బడిలో. నేను ఎంతో కష్టపడి టైపు చేయించిన నలభై పేజీలు ఒకింట్లో దేవుడి పటం వెనక పెట్టారు, పూజకు పనికొచ్చినట్టు. తర్వాత ఆ కుటుంబం కోసమే అదే తెలుగును ఒడియా లిపిలో రాయించి ఇచ్చాను. మనవరాలు గట్టిగా చదువుతుంటే తాత కూర్చుని తప్పులు దిద్దాడు. అక్కడ మూడు పేర్లు నేను తప్పు విన్నానని తేలింది కూడా. కాబట్టి ఆడియో ఇవ్వండి, వీలైతే ఇలా కూడా ఇవ్వండి.

ఇక మీ అమ్మమ్మగారు. ఆవిడ విషయంలో దసరా దాకా, సంక్రాంతి దాకా ఆగకండి. పైన చెప్పిన నియమాలేవీ పూర్తిగా పాటించక్కర్లేదు. ఈ ఆదివారమే ఫోన్ చేసి, రికార్డు చేసుకుంటున్నానని చెప్పి, ఆ పొద్దున చప్పుడు ప్రశ్న అడగండి. సొంతవాళ్లతో ఒక ఇబ్బంది ఉంది, "నీకు తెలిసిందే కదా" అని దాటేస్తారు. "తెలియదు, చెప్పు" అనండి, తెలిసినా సరే. ఆవిడ అనుమతి అడిగి, ఆ రికార్డింగ్‌లో ఐదు నిమిషాలు నాకు పంపితే విని చెప్తాను, మైక్ ఎక్కడ పెట్టాలో, మీరు ఎక్కడ తొందరపడ్డారో.